తూము నుంచి గుంజ దాకా

నాకు ఈత రాదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఒకప్పుడు నేను ఒక ఈతగాడికి గురువునని ఊరంతా చెప్పుకుని తిరిగాను. యాభైల చివర్లో కళ్యాణదుర్గం వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేసేవాణ్ని. పిల్లల్ని ఎండలో వరుసగా నిలబెట్టడం, కసరత్తు చేయించడం, మాట వినని వాణ్ని మైదానం చుట్టూ పరిగెత్తించడం, ఇదీ నా విద్య. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉండేది. ‘నాకు తెలియదు’ అన్న మాట మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు. ఆ ఒక్క మాట రాకపోవడం వల్ల నష్టపోయింది నేను కాదు, ఇంకొకడు.

ఆ ఇంకొకడు మా బడిలో చదివినవాడు కాదు. అప్పటికే ఇరవై రెండేళ్లు దాటిన మనిషి. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు, కొడుకూ ఆ పనిలోనే ఉండేవాడు. కానీ ఊరివాళ్లు అతన్ని ఎక్కువగా పిలిచేది పరుపులకు కాదు. బావిలో బిందె పడినా, చేద తెగి మునిగినా అతనికే కబురు పోయేది. గోచీ బిగించి దూకితే ఒక్క మునకలో అడుగు తాకి, బిందె మూతి పట్టుకుని పైకి వచ్చేవాడు. బిందెల కోసం పిలిచినవాళ్లే మనుషుల కోసమూ పిలిచేవాళ్లు. వానల్లేని ఏళ్లలో మా సీమ బావుల్లో నీళ్లు తగ్గుతాయి గానీ వాటిలో పడేవాళ్లు తగ్గరు. పోలీసులు వచ్చేలోపల శవాన్ని పైకి తేవాలి. ఆ పనికి కంబదూరు దాకా కూడా అతన్నే బండిలో ఎక్కించుకుని పోయేవాళ్లు.

పని అయ్యేదాకా ‘అప్పా, నాయనా’ అని గడ్డం పట్టుకుని బతిమాలేవాళ్లు, అయిన తర్వాత అతని నీడ పడకుండా పక్కకు జరిగేవాళ్లు. శవాన్ని పట్టిన చేతులతో కుట్టిన పరుపు మీద మా పిల్లని ఎట్లా పడుకోబెడతామని పెళ్లివాళ్లు వేరే ఊరికి పోయి పరుపులు కుట్టించుకునేవాళ్లు. తండ్రికి అదే కడుపుమంట. పోవద్దని కొడుకును తిట్టేవాడు. కానీ గుమ్మం ముందు ఒక తల్లి పడి ఏడుస్తుంటే పోవద్దని ఎవరు అనగలరు? చివరికి ఆ ముసలాయనే లోపలికి తిరిగి ‘పో’ అనేవాడు.

ఒక ఏడు, ఎన్నాళ్లకో, మా చెరువు నిండింది. జనం పనులు మానుకుని కట్ట మీదికి వచ్చి నీళ్లను చూసి పోయేవాళ్లు. నేనూ ఒక సాయంత్రం అట్లాగే పోయాను. అతను తూము దగ్గర దూకి, కట్ట పక్కనే బార ఈత వేసుకుంటూ పోతున్నాడు. చెయ్యి నీళ్లలోకి దిగితే చప్పుడు లేదు. నాకు ఈత తెలియదు గానీ పరుగు తెలుసు, పరిగెత్తేవాళ్లలో మంచివాళ్లు అలసిపోయినట్టు కనిపించరని తెలుసు. ఇతనూ అంతే.

అతను ఒడ్డెక్కాక అడిగాను. “ఏమప్పా, ఇంత జోరుగా ఈదుతావే, పందేలకు పోకూడదా?”

“ఈతకు గూడా పందేలుంటాయా సార్?”

“దేశాలు దేశాలే పోటీ పడతాయి. ఒలింపిక్స్ అని పేరు. దానికి మనోళ్లను ఏరేదానికి బొంబాయిలో పోటీలు పెడతాండారు.”

అతను తల తుడుచుకుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తర్వాత అన్నాడు. “నేను నీళ్లలోకి దూకినప్పుడల్లా కింద ఎవరో ఒకరుంటారు సార్. ఊరికే ఈదేదానికని దిగి ఎన్నేండ్లాయనో. ఈ చెరువు నిండినంక ఈదతాండా. అట్ల ఈదితే సాలనేటోళ్లు యాడన్నా ఉంటే, ఆడికి పోతా.”

ఆ మాట విన్నాక నేను నిద్రపోయి ఉంటే మనిషిని కాను. మర్నాడే పోటీల నియమాలున్న కాగితం తెప్పించాను. వంద మీటర్ల ఈత. మా బడిలో స్టాప్‌వాచ్ ఉంది. ఇక కావలసింది నీళ్లలో వంద మీటర్లు. నీళ్ల మీద టేపు పట్టుకుని కొలవడం ఎట్లా? ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల నడిపే రైతు ఒకాయన కొత్తగా పేనించిన కిత్తనార మోకులు ఇచ్చాడు. వాటిని ముడివేసి, బడి మైదానంలో సున్నపు గీతల పక్కన పరిచి, టేపుతో వేలెడు తేడా రాకుండా వంద మీటర్లకు కోశాను. “నానబెట్టుకో అయివారూ, ఎండుమోకు చేతులు కోస్తాది” అని రైతు చెప్పి పంపాడు. కొత్త మోకును ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లలో నానబెట్టకుండా మావైపు ఎవరూ పనిలో పెట్టరు. నేనూ శ్రద్ధగా నానబెట్టాను. తర్వాత దాని ఒక కొస తూము రాతికి కట్టి, కట్ట వెంబడి బిగలాగి, రెండో కొస దగ్గర నీళ్లలో గుంజ పాతించాను. తూము నుంచి గుంజ దాకా వంద మీటర్లు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు నెలలు, ప్రతి పొద్దునా, కట్ట మీద స్టాప్‌వాచ్ పట్టుకుని నేను పరిగెత్తాను, నీళ్లలో అతను ఈదాడు. ఈత గురించి నాకేం తెలుసని చెప్పను? ఒడ్డున ఉన్నవాడు ఎన్నైనా చెబుతాడు. ‘తల దించు’, ‘కాళ్లు ఆడించు’, ‘ఇంకా, ఇంకా’ అని అరిచేవాణ్ని. అతను నవ్వి అట్లాగే చేసేవాడు. సెకన్లు తగ్గుతూ వచ్చాయి. ఒక రోజు చూస్తే కిందటేడు దేశంలో గెలిచినవాడి టైమని పేపర్లో పడినదానికంటే తక్కువ వచ్చింది. నేను నమ్మక మళ్లీ ఈదించాను. మళ్లీ అంతే వచ్చింది. కట్ట మీద బట్టలుతుకుతున్నవాళ్లు, ఈ డ్రిల్లు మాస్టరుకు ఎండదెబ్బ తగిలిందేమో అనుకునేటట్టు గంతులు వేశాను.

ఆ టైము రాసి, హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించి, పోటీలు నడిపేవాళ్లకు పంపాను. వాళ్లు రమ్మని జాబు రాశారు. జాబు చేత్తో పట్టుకుని పోతే తండ్రి దూది ఏకడం ఆపాడు. గడ్డం మీదా కనురెప్పల మీదా దూది.

“అయివారూ, ఉన్నమాట సెప్పు. మావోడు గెలుస్తాడా?”

“గెలుస్తాడు. మనిషి అబద్ధం చెప్తాడు గానీ గడియారం చెప్తాదా?”

“అట్లయితే పోనీ. అంత పెద్దోడై వస్తే, ఈ పని నేను సెయ్యనప్పా అంటే ఊరోళ్లు ఇంటారు. ఇప్పుడంటే ఎవురింటారు?” అని కొడుకు వైపు చూశాడు. “ఒగ మాట. ఆడ పెద్దపెద్దోళ్లను సూసి బయపడొద్దు.”

గుంతకల్లులో బండెక్కి బొంబాయి పోయాం. పోటీలకు ముందురోజు మధ్యాహ్నం కొలను దగ్గరికి పోతే అతను మెట్ల మీదే నిలబడిపోయాడు. నీళ్లు నీలంగా, అడుగున గీసిన నల్ల గీతలు కూడా కనిపించేటంత తేటగా ఉన్నాయి. బ్లీచింగ్ పౌడరు వాసన. అతను ఇన్నేళ్లలో దిగిన ఏ నీళ్లకూ అడుగు కనబడలేదు. “కింద ఏమీ లేదు సార్” అన్నాడు, చిన్నపిల్లవాడి ముఖం పెట్టి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చుట్టూ రకరకాల ఈతగాళ్లు. మిలిటరీవాళ్లు ఒకేలాంటి చెడ్డీల్లో వరుసగా కూర్చుని భుజాలకు నూనె రుద్దించుకుంటున్నారు. బెంగాలీ కుర్రాళ్లు నీళ్లలోనే పుట్టినట్టు మాట్లాడుకుంటూ ఈదుతున్నారు. వాళ్ల గురువులు కూడా ఒకప్పుడు ఈదినవాళ్లే, చేతులు గాలిలో తిప్పి చూపిస్తున్నారు. నేను వాచీ తీసుకుని అతన్ని దిగమన్నాను. ఆ కొలను యాభై మీటర్లు, పోయి రావాలి. గోడ దగ్గర తిరగడం అతనికి బావుల్లోనే అలవాటు.

పోయి వచ్చాడు. వాచీ చూస్తే నాలుగు సెకన్లు ఎక్కువ. ఇంకోసారి ఈదించాను. అంతే. నాలుగు సెకన్లంటే ఆ పోటీల్లో మొదటివాడికీ చివరివాడికీ ఉండే దూరం.

ముందు నాకు వచ్చింది కోపం. వీళ్ల కొలను కొలతే తప్పు అనుకున్నాను. మా పరుపుచుట్టకు కట్టి తెచ్చింది ఆ మోకే. దాన్ని విప్పి, రెండు మడతలు చేసి, కొలను గట్టున ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచాను. సరిగ్గా సరిపోయింది. కొలనులో తప్పు లేదు. ఏం తోచక మోకును అక్కడే వదిలేసి బెంచీ మీద కూలబడ్డాను. ఈతగాళ్లు దూకుతున్నారు, ఎక్కుతున్నారు, గట్టు మీద నీళ్లు పారుతున్నాయి. సాయంత్రం కావస్తుంటే చుట్టుకుందామని లేచి చూశాను. మోకు తడిసి నల్లబడింది. దాని కొస గట్టు చివర లేదు. రెండు పెద్ద అంగలు ఇవతల ఉంది.

కిత్తనార తడిస్తే ముడుచుకుంటుంది, ఎండితే మళ్లీ సాగుతుంది. నేను ఎండుమోకును వంద మీటర్లకు కోసి, నానబెట్టి, ముడుచుకున్న మోకుతో చెరువును కొలిచాను. తూము నుంచి గుంజ దాకా ఏనాడూ వంద మీటర్లు లేవు. తర్వాత ఊరికి పోయి ఆ రైతును అడిగితే, “బారకు బెత్తెడు ఎచ్చు పెట్టుకుని కోస్తారు గదా అయివారూ, అది గూడా సెప్పాల్నా, పసిపిల్లోన్ని అడిగినా సెప్తాడు” అన్నాడు. నేను ఏ పసిపిల్లవాణ్నీ అడగలేదు. నాకు తెలియదని అనుకుంటే కదా అడగడానికి.

అతను ఒళ్లు తుడుచుకుని వచ్చి అడిగాడు. “సార్, యాల ఇట్లాయ? నాలుగు సెకన్లు యాడ పోయినాయి?”

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, అట్లా ఉంది నా పని. చెప్పకపోతే, తప్పు తనదే అనుకుంటాడు. చెబితే, రేపు నీళ్లలో దిగకముందే ఓడిపోయినట్టు. దేశమంతా చూసే పోటీకి నేను దొంగలెక్క పంపానని అతనికి తెలుస్తుంది, హెడ్మాస్టరుకు తెలుస్తుంది. ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు నిజాయితీగా చెప్పలేను. అతని ధైర్యం కోసమే దాచానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను.

“రైలు బడలిక. రేపటికి సర్దుకుంటుంది” అన్నాను.

మర్నాడు ఎనిమిది మంది వరుసగా నిలబడ్డారు. అతను చివరి దారిలో ఉన్నాడు. తుపాకీ పేలింది. అట్లా ఈదడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చప్పుడు లేని ఆ చేతులు నీళ్లను కోస్తున్నాయి. సగం దాకా నలుగురితో సమానంగా ఉన్నాడు. గోడ దగ్గర తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరే ముందుకు పోయారు. అతను ఎంత గింజుకుంటున్నాడో అతని వీపు చూస్తే తెలుస్తోంది. ఎనిమిదో మనిషిగా వచ్చి గోడ తాకాడు.

నా వాచీలో చూశాను. ముందురోజు కంటే రెండు సెకన్లు తక్కువ. మా చెరువులో నా చేత గంతులు వేయించిన రోజు కూడా, దూరం సరిచేసి లెక్క కడితే, ఇంత జోరుగా ఈదలేదు. అతని జీవితంలో అన్నిటికంటే మంచి ఈత అదే. ఆ సంగతి ఆ కొలను దగ్గర తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మైకులో టైములు చదివారు. అతను ఒడ్డు పట్టుకుని విన్నాడు. అది చెరువులో నేను రోజూ చెప్పిన అంకె కంటే రెండు ఎక్కువ. పైకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి నా ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

“నీ పరువు తీసినా సార్. రోజూ ఈదే ఈత గూడా ఈదలేకపోతి. బయపడినానేమో.”

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట చాలు. పోటీ అయిపోయింది, ధైర్యం పోతుందన్న సాకు కూడా లేదు. మిలిటరీవాళ్ల గురువు పక్కనే నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. “అయిందేదో అయింది, పద” అన్నాను. రైల్లో గుంతకల్లు దాకా అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను పడుకున్నట్టు కళ్లు మూసుకున్నాను. నేను పిరికివాణ్ని. కోపం ఎక్కువున్నవాళ్లు చాలామంది పిరికివాళ్లే, పిల్లల మీద అరిచి బతికేస్తారు.

ఊళ్లో తండ్రి గుమ్మంలోనే అడిగాడు. “ఎన్నోవోడుగా వస్తివి?”

“కడాపట్లో నాయనా.”

ముసలాయన నా వైపు చూశాడు. నేనేదో చెబుతానని ఎదురుచూసినట్టే ఉంది. నేను మోకు చుట్టను కిందపెట్టి, చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటూ నిలబడ్డాను. “బయపడొద్దని సెప్తి గదప్పా” అని ఆయన కొడుకుతో మెల్లగా అని, లోపలికి పోయి దూది ఏకే విల్లు అందుకున్నాడు.

నెల తిరగకుండానే కబురు వచ్చింది. ఊరికి పడమట కొత్తగా తవ్విన బావిలో ఎవరో ఆడమనిషి. తెగులుకు వేరుశనగ పంట పోయిన ఇల్లు. అందరితో పాటు నేనూ పోయాను. అతను ‘రాను’ అంటాడేమో అని లోపల ఎక్కడో ఆశ పడ్డాను. అతను గోచీ బిగించి దిగాడు. రెండు మునకల తర్వాత ఆమెను భుజాన వేసుకుని మెట్ల మీదికి వచ్చాడు. కొంగు జారకుండా ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు. పడుకోబెట్టి, పక్కకు వచ్చి కూర్చున్నాడు. జనం అతనికి చోటు వదిలి దూరంగా జరిగారు. నేను తువ్వాలు ఇచ్చాను.

“నాకు ఈత రాదులే సార్” అన్నాడు. “ఇదొగటే వస్తాది.”

ఆ తర్వాత అతను చెరువులో ఈదగా నేను చూడలేదు. మరుసటేడు వానలు తప్పాయి, చెరువు అడుగు నెర్రెలిచ్చింది, గుంజను ఎవరో పొయ్యిలోకి పీక్కుపోయారు. నాకు సోమందేపల్లె వైపు బదిలీ అయింది. నేను సంతోషంగా పోయాను. అతను కనిపించని ఊళ్లో అయితే మర్చిపోతాననుకున్నాను.

మర్చిపోలేదు. అరవైల చివర్లో ఒక పని మీద మళ్లీ ఆవైపు పోయినప్పుడు, బస్సు దిగి నేరుగా వాళ్లింటికి నడిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అతను పంచలో కూర్చుని పాత పరుపు విప్పుతున్నాడు. తండ్రి పోయి రెండేళ్లయిందట. చెంపలు నెరిశాయి. పెళ్లి కాలేదు. నన్ను చూసి లేచి, తన చోటు దులిపి కూర్చోమన్నాడు.

నిలబడే చెప్పాను. మోకు సంగతి, గుంజ సంగతి, ముందురోజు కొలను గట్టున నేను చూసినది. “ఆ పొద్దు నువ్వు ఈదింది నీ జీవితంలో అన్నిటికన్నా మంచి ఈతప్పా. మనం చెరువులో ఈదిన ఏ రోజూ అంత జోరు లేదు. నా దగ్గర వాచీ ఉండింది. చూసినా, చెప్పలేదు.”

అతను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలో ఉన్న దూదిని వేళ్లతో మెల్లగా పీకుతూ కూర్చున్నాడు.

“మళ్లా సెప్పు సార్” అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. మూడోసారి చెబుతూ అతని ఎదురుగా కూర్చున్నాను.

“మా నాయన సచ్చేదాకా, నేను ఆడ బయపడిపోయినాననే అనుకున్న్యాడు సార్” అన్నాడు. “నేనూ అట్లే అనుకొని గదా, ఇన్నేండ్లు ఎవురు పిలిస్తే వాళ్లెంబడి బావుల్లోకి పోతాంటి.”